దూడ నాలుక గరుకు: పశుక్షేత్రంలో మా కుటుంబం గడిపిన ఒక పూట

మా నాలుగేళ్ల అమ్మాయికి ఆవు ఎంత పెద్దదో ఆ రోజు వరకు తెలియదు. బొమ్మల పుస్తకంలో ఆవుకు ఒక పుట, మేకకు ఒక పుట, కోడికి ఒక పుట ఉంటాయి కనుక మూడూ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటాయని ఆమె నమ్మకం. కొట్టం మలుపు తిరగగానే తన తలకన్నా ఎత్తులో ఒక తడి ముక్కు కనిపించి, అందులోంచి వెచ్చని ఊపిరి ముఖానికి తగిలేసరికి గబగబా వెనక్కు నడిచి నానమ్మ చీర కుచ్చెళ్లలో దాక్కుంది. కాసేపటికి ఒక కన్ను మాత్రం బయట పెట్టి, "నానమ్మా, దీన్ని ఎవరు ఇంత పెద్దగా చేశారు?" అని అడిగింది. మా అత్తగారు బాల్యంలో పశువుల మధ్యనే పెరిగారు. అయినా ఆ ప్రశ్నకు ఆమె దగ్గర కూడా జవాబు లేకపోయింది.

మేము వెళ్లినది ప్రదర్శన కోసం జంతువులను తెచ్చి కట్టిన వినోద స్థలం కాదు. పాలు, గుడ్లు, ఉన్ని కోసం నిజంగా నడిచే పశుక్షేత్రం అది. వారంలో కొన్ని పూటలు మాత్రమే సందర్శకులను అనుమతిస్తారు, ఒక విడతకు కొద్ది కుటుంబాలనే లోపలికి పంపుతారు. మేము ఐదుగురం వెళ్లాం: నేను, నా భర్త, మా అత్తగారు, తొమ్మిదేళ్ల అబ్బాయి, నాలుగేళ్ల అమ్మాయి. మూడు గంటలు ఉన్నాం. ఇలాంటి చోట్లకు ఇంతకు ముందు కూడా వెళ్లాం కానీ, పిల్లలు తిరిగి వచ్చిన తర్వాత వారం రోజుల పాటు జంతువుల గురించే మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి. అందుకు కారణం అక్కడి జంతువుల సంఖ్య అనుకోను. వాటిని మాకు పరిచయం చేసిన పద్ధతి అని నా అభిప్రాయం.

ఆ పద్ధతి ఏమిటంటే, సందర్శకులెవరూ జంతువు వెంట పడకూడదు. గేటు దగ్గరే ఈ మాట చెబుతారు. దొడ్డిలోకి వెళ్లిన తర్వాత నేల మీదనో, గడ్డి మోపు మీదనో కూర్చోవాలి. దగ్గరికి రావాలా వద్దా అన్నది జంతువే నిర్ణయించుకుంటుంది. ప్రతి దొడ్డిలోనూ ఒక మూలను కర్రలతో వేరు చేసి, దాని కింద జంతువులు దూరగలిగేంత సందు వదిలారు. మనుషులతో విసిగిన మేకపిల్ల ఆ సందులోంచి అవతలికి వెళ్లిపోతే దాన్ని మళ్లీ పిలవడానికి వీల్లేదు. డబ్బు ఇచ్చి వచ్చిన వారికి ఈ నియమం మొదట్లో కొంత ఇబ్బందిగానే తోస్తుంది. మా వెనుక వచ్చిన ఒక తండ్రి, పిల్లవాడికి మేకను పట్టి ఇవ్వమని రెండుసార్లు అడిగి, కాదనిపించుకుని ముఖం ముడుచుకున్నాడు.

మేకల దొడ్డిలో మేము కూర్చున్న తొలి నిమిషాలలో ఏమీ జరగలేదు. మా అబ్బాయి గడియారం చూసుకుంటూ ఉన్నాడు. తొమ్మిదో నిమిషంలో నల్లటి మేకపిల్ల ఒకటి పక్క నుంచి వచ్చి, వాడి చొక్కా అంచును పెదవులతో పట్టి పరీక్షించి, పనికిరాదని తేల్చుకుని, బూటు తాళ్ల మీదికి దృష్టి మళ్లించింది. దాని వెనుక ఇంకొకటి, ఆపైన మూడు కలిసి వచ్చాయి. నా భర్త నేల మీద వంగి బూటు సర్దుకుంటూ ఉండగా ఒక పిల్ల ఆయన నడుము మీదికి ఎక్కి నిలబడి, ఎత్తైన చోటు దొరికిన తృప్తితో చుట్టూ చూసింది. కొండ రాళ్ల మీద తిరిగే జాతి కనుక ఎత్తు కనిపిస్తే మేక ఎక్కకుండా ఉండలేదు; ఆయన అయిదు నిమిషాల పాటు కదలకుండా కొండగానే ఉండిపోయారు. మేము నవ్వుతున్నంతసేపూ ఆ పిల్ల మాత్రం చాలా గంభీరంగా నిలబడింది.

మేకలు ఏది దొరికితే అది తింటాయన్న మాట తప్పని అక్కడ కూర్చుంటే తెలుస్తుంది. అవి చేతులకు బదులు పెదవులతో వస్తువులను తడిమి చూస్తాయి, నచ్చనివి వదిలేస్తాయి. మేము చాచిన ఆకులలో ముదురువి పక్కకు తోసి లేతవి మాత్రమే ఏరుకున్నాయి. అరచేయి చదునుగా పెట్టి మేత ఇవ్వాలని అక్కడి పనివారు నేర్పారు. మేకకు, గొర్రెకు, ఆవుకు పైదవడ ముందు భాగంలో పళ్లు ఉండవు, గట్టి చిగుళ్లు మాత్రమే ఉంటాయి. అందుకే చదునైన అరచేతిలోంచి తింటున్నప్పుడు పిల్లలకు చక్కిలిగింత తప్ప నొప్పి తెలియదు. వేళ్లు ముడిచి లోపలికి పెడితే మాత్రం వెనుక దంతాలు ఉన్నాయన్న సంగతి మరిచిపోరాదు.

మా అబ్బాయిని ఎక్కువగా ఆకర్షించింది మేక కన్ను. దాని కనుపాప గుండ్రంగా కాక, అడ్డంగా పెట్టిన పెట్టెలా ఉంటుంది. అడ్డంగా సాగిన పాప వల్ల నేల వెంట దూరం దాకా, ఇరువైపుల నుంచి వచ్చే శత్రువును చూడగలుగుతుందని అక్కడి అమ్మాయి ఒకరు వివరించారు. మరి తల దించి మేస్తున్నప్పుడు ఆ పెట్టె నిలువుగా మారిపోదా అని వాడు అడిగాడు. మంచి ప్రశ్నే. తల వంగినప్పుడు కనుగుడ్డు లోపలే యాభై డిగ్రీలకు పైగా తిరిగి, పాపను మళ్లీ నేలకు సమాంతరంగా నిలుపుకుంటుంది. 2015లో వెలువడిన ఒక పరిశోధన దీన్ని వివరంగా చూపింది. ఆమె ఆ సంగతి చెప్పి ఊరుకోకుండా, మేత గిన్నెను నేల మీద పెట్టి, వాడిని పక్కన బోర్లా పడుకోబెట్టి, మేక తల దించేటప్పుడు కన్ను తిరగడం స్వయంగా చూసేలా చేశారు. ఇలా చూపించే మనిషి ఉండడమే ఆ స్థలానికి పెద్ద బలం. చొక్కాకు అంటిన మట్టి గురించి నేను ఒక్క మాట కూడా అనలేదు.

పాలు పితకడం చూపే వేళకు అందరినీ ఆవుల కొట్టంలోకి పిలిచారు. అక్కడ నిశ్శబ్దంగా ఉండమని చెప్పడానికి మర్యాద ఒక్కటే కారణం కాదు. పొదుగును కడిగి మృదువుగా తాకినప్పుడు ఆవు మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై, అది రక్తంలో పొదుగు చేరిన తర్వాతే పాలు కిందికి దిగుతాయి; దానికి ఇంచుమించు ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషంలో ఎవరైనా కేక వేసినా, బకెట్టు దబ్బున పడినా, బెదిరిన ఆవు పాలను బిగబట్టుకుంటుంది. శాస్త్రం చెప్పిన ఈ సంగతంతా మా అత్తగారు ఒక్క మాటలో ముగించారు: "ఇంకా చేపలేదు, కాస్త ఆగండి." చేపు అనే మాట మా అబ్బాయి అంతకు ముందు వినలేదు, ఆవు చేపడానికి, నీటిలోని చేపకు సంబంధం ఏమిటని వాడు గుసగుసగా అడిగాడు.

అత్తగారిని ఆ రోజు చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఇంట్లో మోకాళ్ల నొప్పితో కుర్చీ వెతుక్కునే మనిషి, కొట్టంలోకి రాగానే ఎవరూ చెప్పకుండానే ఆవుకు కనబడేలా పక్క నుంచి వెళ్లి, ముందు చిన్నగా గొంతు వినిపించి, తర్వాత డొక్క మీద అరచేయి ఆనించి, చివరకు మెడ కింద గంగడోలు నిమరడం మొదలుపెట్టారు. ఆవు మెడ చాచి కళ్లు అరమోడ్చింది. పని చూసుకుంటున్న పెద్దాయన ఒక్క చూపులోనే ఆమెను గుర్తుపట్టినట్లు, "మీరు పితుకుతారా అమ్మా?" అని అడిగారు. యాభై ఏళ్ల తర్వాత పీట మీద కూర్చున్నారామె. మొదటి ధార బకెట్టు అంచుకు తగిలి బయట పడింది. రెండోది లోపల పడింది. ఆ తర్వాత చప్పుడు ఒకే లయలో సాగింది. మా అమ్మాయి నోరు తెరిచి నానమ్మ చేతుల వైపే చూస్తూ ఉండిపోయింది. పితికిన పాలను అక్కడికక్కడే ఎవరికీ తాగడానికి ఇవ్వలేదు. కాచని పాలలో రోగకారక క్రిములు ఉండే అవకాశం ఉంది కనుక ఇది సరైన పనే అయినా, అడిగిన వారికి కారణం కూడా చెప్పి ఉంటే బాగుండేది.

నెమరు గురించి చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. పడుకుని ఉన్న ఒక ఆవు ముందు పిల్లలను కూర్చోబెట్టి, దాని గొంతు వైపే చూడమన్నారు. కొద్దిసేపటికి మెడలో కింది నుంచి పైకి ఒక ముద్ద పాకి రావడం, దవడలు అడ్డంగా కదలడం, మళ్లీ ఆ ముద్ద కిందికి జారడం, ఒకటి రెండు క్షణాల విరామం తర్వాత ఇంకొకటి బయలుదేరడం స్పష్టంగా కనిపించాయి. నాలుగు గదుల పొట్టలో మొదటిదైన పెద్ద గదిలో వంద లీటర్లకు మించి పడుతుందని, అందులోని సూక్ష్మజీవులే గడ్డిలోని పీచును ఆవుకు పనికివచ్చేలా మారుస్తాయని, రోజులో ఏడెనిమిది గంటలు నెమరుకే పోతాయని చెప్పారు. మా అమ్మాయి ఒక్కొక్క ముద్దకు ఎన్నిసార్లు నమిలిందో లెక్కపెట్టడానికి పూనుకుంది కానీ, ఆమెకు ఇరవై దాకానే అంకెలు వచ్చు కనుక ప్రతిసారీ ఇరవై దగ్గర ఆగిపోయింది.

ఇక దూడ. పుట్టి పది రోజులైన పెయ్య అది. దాని గదిలోకి ఒక్కొక్క కుటుంబాన్నే, అదీ కొద్ది నిమిషాలకే పంపారు. పుట్టినప్పుడు దూడ రక్తంలో తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి దాదాపు ఉండదు. మొదటి రోజున తాగిన ముర్రుపాల నుంచే అది రావాలి, ఆ రోజు దాటితే పేగులు దాన్ని పీల్చుకోలేవు. అందుకే అంత లేత దూడ దగ్గర జనాన్ని తగ్గించారని నాకు అర్థమయింది. ఉదయం ఆవు ముక్కును చూసి పారిపోయిన మా అమ్మాయి ఇక్కడ మాత్రం గడ్డి మీద చతికిలబడి, చెప్పినట్లే చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. దూడ తడబడే కాళ్లతో వచ్చి ఆమె మోచేతిని ముట్టెతో పొడిచింది, అక్కడ పాలు లేవని తెలిసి మణికట్టు నాకింది. "గరుకుగా ఉంది! నాన్న గడ్డంలా ఉంది!" అని ఆమె అరవబోయి, నియమం గుర్తుకొచ్చి, ఆ మాటనే రహస్యంలా చెప్పింది. ఆవుజాతి నాలుక మీద గడ్డిని పట్టి లాగడానికి వీలుగా వెనక్కు వంగిన బుడిపెలు ఉంటాయి. పాలు తాగే దూడకు కూడా ఆ గరుకుదనం వచ్చేసి ఉంది. ఫ్రాకు అంచును దూడ చప్పరించగా మిగిలిన మరకను ఉతకవద్దని మూడు రోజులు గొడవ జరిగింది.

కోళ్ల విభాగంలో మేము అనుకున్నదానికన్నా ఎక్కువసేపు ఉన్నాం. అదృష్టవశాత్తు అప్పుడే ఒక గుడ్డు పగులుతోంది. కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు, బాతుగుడ్డుకు 28 రోజులు పడుతుందని మా అబ్బాయికి పాఠంలో ఉంది. కానీ పిల్ల పెంకు పగలగొట్టడానికి ముక్కు చివర చిన్న మొన ఉంటుందని, బయటికి వచ్చిన తర్వాత అది రాలిపోతుందని, పెంకు ఇంకా పగలకముందే లోపలి నుంచి కూత వినిపిస్తుందని వాడికి తెలియదు. చెవి దగ్గర పెట్టి వినమన్నారు. వాడి ముఖంలో వచ్చిన మార్పును చూసి, మిగిలినవారందరమూ వరుసలో నిలబడ్డాం. పిల్ల అలిసి మధ్యలో కదలకుండా ఆగిపోయినప్పుడు సాయం చేద్దామని మా అమ్మాయి పట్టుబట్టింది. ఆ విరామంలో అది పచ్చసొన మిగులును పొట్టలోకి పీల్చుకుంటూ ఉంటుందని, తొందరపడి పెంకు తీస్తే రక్తం పోయి చనిపోవచ్చని చెబితే, తన రెండు చేతులనూ వెనక్కు కట్టుకుని నిలబడింది. మేము బయలుదేరే వేళకు పిల్ల పూర్తిగా బయటికి రాలేదు. ఆ లోటు ఆమెకు ఇప్పటికీ ఉంది.

గొర్రెల దగ్గర చెప్పుకోదగినంత జరగలేదు. అవి దూరంగా గుంపుగా నిలబడి మమ్మల్ని చూశాయి, మేము వాటిని చూశాం. గొర్రెలు తోటి గొర్రెల ముఖాలు యాభై దాకా గుర్తుపెట్టుకుని రెండేళ్ల తర్వాత కూడా పోల్చుకోగలవని బ్రిటన్‌లో శాస్త్రవేత్త కీత్ కెండ్రిక్ బృందం 2001లో ప్రకటించిన సంగతిని నేను చెబితే, అయితే మనం మళ్లీ వస్తే గుర్తుపడతాయా అని మా అబ్బాయి అడిగాడు. మనుషుల ముఖాలను ఫొటోల నుంచి కూడా పోల్చుకోగలవని తర్వాతి పరిశోధనలు చూపాయి కనుక, వాడు తన టోపీ తీసి కంచె దగ్గర చాలాసేపు ముఖం చూపిస్తూ నిలబడ్డాడు. గుర్రం ఒకటి పక్క మైదానంలో కాళ్లు చాచి పడుకుని ఉంటే మా అమ్మాయి బెంగపడింది. గుర్రాలు నిలబడే కునుకు తీస్తాయి కానీ గాఢమైన నిద్రకు పడుకోక తప్పదని, చుట్టూ భయం లేదనుకున్నప్పుడే అలా పడుకుంటాయని తెలిసి ఊరడిల్లింది.

ఇంత బాగా నడిచే చోట కుందేళ్ల మూల మాత్రం వేరే ఎవరో నడుపుతున్నట్లు ఉంది. అక్కడ కుందేలును ఎత్తి పిల్లల ఒళ్లో పెట్టి ఫొటోలు తీయనిస్తున్నారు. కుందేలు వేటకు గురయ్యే జంతువు. నేల నుంచి పైకి లేవడమంటే దాని అనుభవంలో శత్రువుకు చిక్కడమే. భయంతో వెనుక కాళ్లు బలంగా తన్నితే దాని నాజూకైన వెన్నెముక విరిగే ప్రమాదం కూడా ఉంది. ఒళ్లో కదలకుండా ఉన్న కుందేలును చూసి ఎంత ముద్దుగా పడుకుందో అని ఒకరు అన్నారు. అది భయంతో బిగుసుకుపోవడమని దాని ఊపిరి వేగాన్ని చూసినవారికి తెలుస్తుంది. మేకల దగ్గర పాటించిన నియమాన్నే ఇక్కడ ఎందుకు వదిలేశారని నేను అడిగాను. సందర్శకులు ఎక్కువగా కోరుకుంటారు అన్నారు. ఈ ఒక్క చోట మా పిల్లలను మేము ఒళ్లో పెట్టుకోనివ్వలేదు, వారూ పెద్దగా బాధపడలేదు. ఉదయం నుంచి ఆగడం అలవాటయింది కాబోలు.

రెండో లోపం చేతులు కడుక్కునే చోట. జంతువులను తాకిన తర్వాత సబ్బుతో, పారే నీటిలో కనీసం ఇరవై సెకన్లు కడుక్కోవడం తప్పనిసరి. దూడల, మేకల పేడలో ఉండగల కొన్ని క్రిములు అయిదేళ్ల లోపు పిల్లలకు, పెద్దవయసు వారికి తీవ్రమైన జబ్బు చేస్తాయి. క్రిప్టోస్పోరిడియం వంటివి చేతులకు రాసుకునే శానిటైజర్‌తో చావవు. ఇది తెలిసే వారు ప్రతి దొడ్డి బయటా కుళాయి, సబ్బు పెట్టారు; సంతోషమే. అయితే కుళాయిలన్నీ పెద్దల ఎత్తులో ఉన్నాయి. నాలుగేళ్ల పిల్లను చంకన ఎత్తుకుని, ఒక చేత్తో కుళాయి తిప్పి, ఇంకో చేత్తో సబ్బు రుద్దడం ఎంత కష్టమో చేసినవారికే తెలుస్తుంది. ఒక చిన్న మెట్టు వేస్తే పోయేదానికి ఇంత అవస్థ. కడుక్కునే చోటికి ముందే తినుబండారాల బల్ల ఉండడం ఇంకా పెద్ద పొరపాటు. దారి ఆ వరుసలో ఉండకూడదు. ఈ రెండూ బయటికి వచ్చేటప్పుడు చెప్పాం, రాసుకున్నారు. గర్భిణులు మాత్రం మేకలు, గొర్రెలు ఈనే రోజుల్లో ఆ దొడ్ల వైపు వెళ్లకపోవడం మంచిది. ఈ సంగతి గేటు దగ్గర బోర్డు మీద స్పష్టంగానే రాసి ఉంది.

వెళ్లదలచిన వారు ఉదయం మొదటి విడతలోనే వెళ్లడం మేలు. జంతువులు అప్పుడు ఆకలితో, ఆసక్తితో ఉంటాయి. మధ్యాహ్నానికి మేకలు కడుపు నిండి కర్రల అవతల మూలకు చేరిపోతాయి, అప్పుడు ఎంతసేపు కూర్చున్నా రావు. మూసిన బూట్లు వేసుకోవాలి, వేలాడే తాళ్లున్న బట్టలు మేకలకు విందు. పరుగులు, కేకలు, ఆటవస్తువులు ఆశించే పిల్లలకు మొదటి అరగంట విసుగ్గా ఉంటుంది; ఆ అరగంట వారితో పాటు నేల మీద కూర్చోగలిగే పెద్దలు ఉంటేనే వెళ్లమని చెబుతాను. ట్రాక్టరు బండి మీద పొలం చుట్టూ తిప్పడం కూడా ఉంది, అది లేకపోయినా నష్టం లేదు.

మేము మళ్లీ వెళ్లడానికి రోజు ఖాయం చేసుకున్నాం. అత్తగారు పీట ఎత్తు తక్కువగా ఉందని, ఈసారి ఇంటి నుంచి తన పీట తెచ్చుకుంటానని ఆ పెద్దాయనతో అప్పుడే చెప్పేశారు.